పచ్చముల్లు

జూన్ రెండో తేదీన సుకన్య చేపల పులుసుతో నాలుగు ముద్దలు తిన్నది.

ఆ తేదీని రామాంజనేయులు మరిచిపోలేదు. హిందూపురం ఆసుపత్రి నుంచి భార్యను ఇంటికి తెచ్చినప్పటి నుంచీ ఆమెకు గంజి తప్ప ఏదీ గొంతు దిగలేదు. ఏది పెట్టినా డోకు. ఇట్లాగే ఉంటే మనిషి మంచం దిగడం కష్టమని డాక్టరు చెప్పి పంపాడు.

"యాడిదమ్మా ఈ పులుసు?" అని కోడలు వీణను అడిగాడు.

"పెనుకొండ మెస్సుది మామా. బస్సులో పంపిస్తారు. కొరమీను."

"అట్లా చెప్పు. ఒక్క ముల్లు తగలకుండా చేసినారు చూడు. కొరమీనంటే కొరమీనే."

సుకన్య గిన్నె అడుగు వేలితో తుడుచుకొని నాకింది.

ఇంట్లో వండే వీలు లేదు. మగ్గం మీద పట్టు ఉన్నన్నాళ్ళు చేపా మాంసమూ, ఏ నీసూ పొయ్యి ఎక్కకూడదు. ధర్మవరంలో ఆ ఇంటికి తాత నాటి కట్టుబాటు అది. పట్టు వాసనను పీల్చుకుంటుంది. పెళ్ళిచీర చేపల కంపు కొడితే మళ్ళీ ఆ గడప ఎవరు తొక్కుతారు?

ఆ కంపు ఇప్పుడు వెనక గోడ అవతలి నుంచి వస్తోంది.

పొరుగున ఉన్న కదిరమ్మ ఇంటి వెనక గదిలోకి వేసవిలో దాసమ్మ అని ఒకామె అద్దెకు దిగింది. ఏ ఊరో తెలియదు. ఒంటరి మనిషి. పొద్దున్నే చెరువుకట్టకు పోయి, చేపలు పట్టేవాళ్ళు ఎవరూ కొనరని పక్కకు విసిరేసినవన్నీ సత్తు బొచ్చెలో వేసుకొని వస్తుంది.

అవి చేపలంటే రామాంజనేయులుకు నమ్మబుద్ధి కాలేదు. ఒకటి పాములా సాగి, చేతిలోంచి జారి మట్టిలో పొర్లుతుంది. ఒకటి నల్లటి తోలు, పొడుగాటి మీసాలు. బూడిద చల్లి కుళాయి పక్క బండకు రుద్దేకొద్దీ జిగురు తీగలు సాగుతుంది. ఇంకొకటి కొంగముక్కు చేప. ఒళ్ళంతా కలిపి జానెడు, అందులో మూతే బెత్తెడు, ఆ మూతి నిండా సూదుల్లాంటి పళ్ళు. దాని కడుపు చీరితే అరగని పిల్లచేప ఒకటి బయటికి జారింది. రామాంజనేయులు చేతిలోని కాఫీ పారబోశాడు.

ఉడికాక ఇంకా అసహ్యం. కొంగముక్కు చేప ముళ్ళు పచ్చగా ఉంటాయి, నాచు పట్టినట్టు. ఆమె గడప మీద కూర్చొని, కండను వేళ్ళతో పిసికి పిసికి, ఆ పచ్చముళ్ళు ఒక్కొక్కటే ఏరి పారేస్తుంది. చుట్టూ ఈగలు.

పని చేస్తున్నంతసేపూ కొంగు ముక్కుకు బిగించి కట్టుకుంటుంది. అయ్యాక ఆ కుళాయి కిందే తలస్నానం.

'తనకే పడని కంపు. నాలుకను మాత్రం కట్టుకోలేదు' అనుకున్నాడు.

ఒకరోజు ఉండబట్టలేక గోడ మీది నుంచి అడిగాడు. "ఏమమ్మా, పచ్చముళ్ళవి విషం కాదా?"

"విషం గాదప్పా. చూసేదానికే అట్లుంటాది. కండ వెన్న మాదిరుంటాది."

"నీకు వెన్న, మాకు నరకం. ఈడ మగ్గం మీద పెళ్ళిచీర ఉండాది."

"బిన్నా, ఒక్క గడియలో కడిగేస్తాలే అప్పా."

ఆగస్టుకల్లా సుకన్య మంచం దిగింది. మగ్గం పక్కన కూర్చొని రెండు కండెలకు పట్టు దారం చుట్టింది కూడా. ఆ పెనుకొండ మెస్సు చల్లగా ఉండాలని రామాంజనేయులు మనసులోనే దండం పెట్టుకున్నాడు.

పెళ్ళివాళ్ళు చీర చూసుకోవడానికి వచ్చారు. పెళ్ళికూతురి తల్లి గడపలోనే ఆగి ముక్కు మూసుకుంది.

"పట్టు నేసే కాడ ఇదేం వాసనప్పా? మళ్ళొస్తాంలే."

మళ్ళీ వస్తామన్నవాళ్ళు రారు.

రామాంజనేయులు నేరుగా పెరట్లోకి పోయాడు. ఫినాయిలు సీసా మూత తీసి, గోడ మీది నుంచి దాసమ్మ బొచ్చెలో కుమ్మరించాడు. కొట్టుకుంటున్న చేపలు తెల్లటి నీళ్ళలో కాసేపటికి ఆగిపోయాయి.

దాసమ్మ చెయ్యి బొచ్చెలోనే ఉండిపోయింది.

"ఎంత పని చేస్తివప్పా. ఈ పూటకెట్ల?"

"ఒక పూట పస్తుంటే ఎవరూ చావరులే."

ఆమె ఏదో చెప్పబోయింది. సుకన్య పడుకున్న గది కిటికీ వైపు చూసి మానుకుంది.

ఆ పూట సుకన్య అన్నం ముట్టలేదు. మరునాడూ ముట్టలేదు. వీణ బజారు నుంచి కొరమీను పులుసు తెస్తే వాసనకే డోక్కుంది.

"ఇది కాదమ్మా, పెనుకొండ మెస్సుదే తెప్పియ్" అన్నాడు రామాంజనేయులు.

వీణ తల వంచుకుంది.

"మెస్సూ లేదు, కొరమీనూ లేదు మామా. అత్త బుక్కపట్నం చెరువు కింద పుట్టిన మనిషి. చిన్నప్పుడు తిన్న ఆ పిచ్చి చేపలైతేనే నోటికి పోతాయని గోడ కాడ నాతో అంటాంటే దాసమ్మ వినింది. కాపురానికొచ్చినాక అత్త వాటి పేరెత్తిందే లేదంట. గొంతులో ముల్లు పడకుండా ఏరి ఇచ్చేది దాసమ్మే. నీకు చెప్పొద్దని అత్త ఒట్టు వేయించుకునింది."

పొద్దు మునిగాక రామాంజనేయులు కదిరమ్మ ఇంటికి పోయాడు. వెనక గదికి తాళం వేసి ఉంది. బండ మీద ఇంకా ఫినాయిలు వాసన.

కదిరమ్మ తలుపు సగం తీసి నిలబడింది.

"దాసమ్మ పొద్దున్నే గోరంట్ల బస్సెక్కె. యాడికి పోయేదీ చెప్పల్యా."

"తప్పయిపాయ కదిరమ్మా. వస్తే చెప్పు. ఈడనే కడుక్కోమను, ఈడనే వండుకోమను. మా ఇంటికొక గిన్నె ఇచ్చి, మిగిలింది ఆయమ్మ సుఖంగా తినమను. నేనేమీ అనను."

కదిరమ్మ అతన్ని ఎగాదిగా చూసింది.

"తినేదా? మొగుడు పోయి తులసిమాల వేసుకున్న కాడినుంచి దాసమ్మ నీసు నోట పెట్టల్యాప్పా, దినామూ ఆ బండ కాడ డోక్కుంటానే కడిగేది" అని, తలుపు మెల్లగా వేసుకుంది.