అత్తగారి వెనకాలే

ముందు అత్తగారు, పక్కనే లిఫ్టు మెకానిక్, వాళ్ల వెనకాలే కోడలు. కొండ ఎక్కడం మొదలైనప్పట్నుంచీ ఇదే వరస.

మెకానిక్ ఏదో అన్నాడు. అత్తగారు పకపకా నవ్వింది. ఏమన్నాడో కోడలికి వినపడలేదు. ఒళ్లంతా చీమలు పాకినట్టయింది. గబగబా నాలుగంగలు వేసి వాళ్లను అందుకుంది. అప్పటికే మాట అయిపోయింది.

నడక క్లబ్బు వాళ్ల వేసవి యాత్ర అది. నిన్న అడవి అంచున గుడారాలు వేశారు. ఇవాళ కొండ. చెట్లన్నీ కిందే ఆగిపోయాయి, పైనంతా బోడిరాయి. ఎండ నెత్తి మాడ్చేస్తోంది. గుంపులో ఒక్కొక్కరే రొప్పుతూ, నీళ్ల సీసాలు పట్టుకు వేలాడుతున్నారు. కోడలికి మాత్రం దాహం కూడా గుర్తు రావడం లేదు.

అత్తగారు ప్రసూతి వార్డులో నర్సుగా చేసి రిటైరైంది. మామగారు పోయి చాలా ఏళ్లయింది. గుంపులో అందరూ ఆవిణ్ణి "సిస్టర్" అని పిలుస్తుంటే, మెకానిక్ ఒక్కడే పట్టుబట్టినట్టు "నర్సుగారూ" అంటున్నాడు. అది కోడలి చెవిన పడకపోలేదు.

పొద్దున గుడారం దగ్గర మొగుడు ఫోన్ చేశాడు. పాపను చూసుకోవడానికని అతను ఇంట్లో ఉండిపోయాడు.

"అమ్మ మీద ఓ కన్నేసి ఉంచు."

"ఉంచాను."

"ఆయన మీద రెండు కళ్లూ ఉంచు."

"నువ్వు చెప్పాలా!"

చెప్పక్కర్లేదు. కళ్లద్దాల దుకాణంలో పని ఆమెది. మనుషుల్ని తేరిపార చూడటం అలవాటే.

ఒక బండరాయి నీడలో అందరూ ఆగారు. మెకానిక్ ఫ్లాస్కు కింద పెట్టి, మొహం కడుక్కోవడానికి అటు వెళ్లాడు. కోడలు చటుక్కున మూత తీసి వాసన చూసింది. టీ. మళ్లీ చూసింది. టీయే.

తలెత్తితే ఎదురుగా గుంపులోని రొట్టెల దుకాణం ఆవిడ. "ఏమిటమ్మాయ్, కాపలాకొచ్చావా?"

"అలాంటిదే అనుకోండి."

"పెద్దావిడ ఎవరితోనో నాలుగు మాటలు మాట్లాడితే నీ సొమ్మేం పోయింది?"

కోడలు గబుక్కున ఫ్లాస్కు మూత బిగించేసింది. మొహం మాత్రం జేవురించింది.

మెకానిక్ దగ్గుతూ వచ్చాడు. కోడలు ఆ దగ్గును పట్టుకుంది. "సిగరెట్లు కాలుస్తారా?"

"మానేశానమ్మా. మా ఆవిడ పోయిన ఏడాదే."

"మళ్లీ ఎప్పుడూ ముట్టుకోలేదా?"

"ఏమే," అంది అత్తగారు, "ఆ పోలీసు ప్రశ్నలేమిటి? ఆయన్ను కాస్త ఊపిరి పీల్చుకోనీ."

మెకానిక్ నవ్వి ఊరుకున్నాడు. ఆ ఊరుకోవడం మంచితనమో, నటనో కోడలికి అంతుపట్టలేదు. మళ్లీ నడక. మళ్లీ వెనకాలే.

శిఖరం ఇంకో మలుపు ఉందనగా దారి బాగా ఇరుకైంది. ఒక పక్క కొండ, ఒక పక్క లోయ. సరిగ్గా అక్కడే అత్తగారి పిక్క పట్టేసింది. "అబ్బా!" అంటూ కూలబడింది. ముందు వెళ్లేవాళ్లు అప్పటికే మలుపు తిరిగిపోయారు.

కోడలు ఒక్క ఉదుటున ముందుకొచ్చింది. మెకానిక్ చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఆగమ్మా. అందరం మీదపడితే జారిపోతాం."

"ఆవిడ మా అత్తయ్య!"

"కాదన్నానా?" అని, అటు తిరిగాడు. "నర్సుగారూ, ఏం చెయ్యమంటారు? లేపమంటారా? కిందికి దిగిపోదామా?"

"ఏమీ చెయ్యొద్దు," అంది అత్తగారు పళ్లు బిగించి. "కాసేపు నోరు మూసుకుని కూర్చోండి."

"అలాగే."

కూర్చున్నాడు. నోరు మూసుకునే కూర్చున్నాడు. తలమీది టోపీ తీసి, ఆవిడ మొహం మీద నీడ పడేలా చాపి పట్టుకున్నాడు. అంతే. ఇంకేమీ చెయ్యలేదు.

కోడలు రాతిని కరుచుకుని నిలబడి చూస్తోంది. తనైతే ఈపాటికి కాలు పట్టి లాగి, ఈ వయసులో ఇవన్నీ ఎందుకని చీవాట్లు పెట్టి, రెక్క పుచ్చుకుని కిందికి ఈడ్చుకుపోయేది. మొగుడైతే హెలికాప్టర్ కోసం అరిచేవాడు. ఈయనేమిటి, చెయ్యి లాగేస్తున్నా టోపీ దించడు, మాట్లాడడు!

అత్తగారు పిక్క తనే రుద్దుకుంది. తనే లేచింది. "పదండి. పైకే," అంది.

మెకానిక్ టోపీ పెట్టుకోబోతుంటే కోడలు అతని బట్టతల చూసింది. ఎండకి కందిపోయి ఎర్రగా టమాటాలా ఉంది. తన నీళ్ల సీసా తీసి అతని చేతికిచ్చింది.

పైన గాలి రివ్వున కొడుతోంది. ఎవరి ఫోటోల గోలలో వాళ్లున్నారు. సిగ్నల్ అందిందో లేదో, మొగుడి ఫోన్.

"ఏమైంది? ఏమిటి సంగతి? చెప్పవేం?"

"ఉండు... ఉండు."

అత్తగారు వచ్చి పక్కన చతికిలబడి బూట్లు విప్పుకుంది. "ఎవరే, మావాడేనా?"

"అవునత్తయ్యా. మీరెలా ఉన్నారని..."

అత్తగారు కాసేపు మెకానిక్ వైపు చూసింది. టోపీతో విసురుకుంటూ, దూరంగా, ఒక్కడే కూర్చున్నాడు.

"ఇంక ఆ కంగారు కట్టిపెట్టి, మొగుడూ పెళ్లాలిద్దరూ నాకు తెలీకుండా నాకోసం వెతికి తెచ్చిన పెళ్లికొడుకు నాకు నచ్చాడని మావాడితో చెప్పవే," అంది అత్తగారు.