మాట అందించే మనిషి

నాన్న చొక్కాలు సంచిలో సర్దాలి. మందులు విడిగా పెట్టాలి. కళ్ళజోడుకు తాడు కట్టాలి, లేకపోతే ఎక్కడో పెట్టేసి ఊరంతా వెతుకుతాడు. భోజనాల వేళకు ముందే వృద్ధుల సంరక్షణ కేంద్రానికి చేరుకోవాలి. అన్నిటికంటే ముఖ్యం, అమ్మ ముందు ఏడవకూడదు.

చిన్నకూతురు ఇవన్నీ మనసులో చెప్పుకుంటూ గదిలోకి వచ్చేసరికి, తండ్రి ఆమెను ఎగాదిగా చూసి భార్య వైపు తిరిగాడు.

“ఏమేవ్, ఈ అమ్మాయి మన చిన్నదేనా? పోస్టాఫీసులో పనిచేసేది?”

“ఇంకెవరండీ? కన్నకూతుర్ని పట్టుకుని ఆ అడగడమేమిటి?” తల్లి నవ్వుతూ కూతురి భుజం నిమిరింది. “నువ్వేం అనుకోకు తల్లీ. మీ నాన్న బుర్రకు చిల్లు పడింది.”

కూతురు సంచి తెరిచింది. రాత్రి భోజనాల దగ్గరా ఇదే ప్రశ్న.

“స్టవ్ మీద పాలు పెట్టింది నేనేనా?” అన్నాడు తండ్రి.

“మీరు పెట్టడం కూడానా? నేనే పెట్టాను,” అంటూ తల్లి వంటింట్లోకి పరుగెత్తి, పొంగబోతున్న పాలు దింపి వచ్చింది.

“పొద్దుటి మాత్రలు మనం వేసుకున్నామా?”

“లేదు. నేను లేకపోతే మీ గతేం కాను?” తల్లి తన మాత్ర మింగి, ఆయన మాత్ర ఆయన చేతిలో పెట్టింది.

ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఆయన నాటకాల్లో ప్రాంప్టరు. తెర పక్కన చీకట్లో నిలబడి, నటుడు మాట మరిచిపోతే మొదటి ముక్క అందించేవాడు. ఆ గొంతు ముందు వరసలో కూర్చున్నవాళ్ళకు కూడా వినపడేది కాదు. నటుడు కావాలనే ఆగాడనుకుని జనం మెచ్చుకునేవారు. ఎవరు ఎక్కడ తడబడ్డారో ఇంట్లో కూడా ఎన్నడూ చెప్పలేదు. “మరిచిపోయిందెవరో బయటపడితే ఇక నేనెందుకూ?” అనేవాడు. నాటకాలకు నాటకాలే కంఠతా పట్టిన ఆ తలకాయలో ఇప్పుడు కన్నకూతురికి కూడా చోటు లేకుండా పోయింది.

“నాన్నా, అక్కడ డాక్టరుంటాడు. కనిపెట్టుకుని చూసే మనుషులుంటారు,” అంది కూతురు.

“మీ అమ్మ తిట్లుండవుగా. నాకు పొద్దెలా పోతుంది?”

“నవ్వులాట కాదు నాన్నా. అమ్మ ఎంతకాలమని నీ వెనకాలే తిరుగుతుంది? కాస్త ఊపిరి పీల్చుకోనీ.”

“ఒక్కతే అయిపోతుందమ్మా.”

“రోజూ నేను ఫోన్ చేస్తాను.”

తండ్రి ఏదో చెప్పబోయాడు. భార్య వైపు చూసి ఆగిపోయాడు. బయట టాక్సీ హారన్ మోగింది.

“కాసేపు ఆగమని చెప్పొస్తాను,” అంటూ లేచి వెళ్ళాడు.

తల్లి చొక్కా మడత పెడుతోంది. పెట్టి, మళ్ళీ విప్పింది. సంచి వైపు చూసింది. తలుపు వైపు చూసింది. ఆఖరున కూతురి వైపు చూసింది. ఆ చూపులో మర్యాద ఉంది. అంతకు మించి ఏమీ లేదు.

“నిలబడే ఉన్నారే, కూర్చోండమ్మా. ఆయన ఇప్పుడే బయటికెళ్ళారు, వచ్చేస్తారు. ఇంతకీ తమరెవరి తాలూకు?”

కూతురి చేతిలో కళ్ళజోడు తాడు అలాగే ఉండిపోయింది.

గుమ్మంలోకి వచ్చిన తండ్రి ఇద్దరి ముఖాలూ చూశాడు. తల గోక్కుంటూ లోపలికి నడిచాడు.

“ఏమేవ్, నా బుర్ర సంగతి నీకు తెలుసుగా. ఈ అమ్మాయి మన చిన్నదేనా? పోస్టాఫీసులో పనిచేసేది?”

తల్లి ముఖం దీపం పెట్టినట్టు వెలిగింది. “ఇంకెవరండీ! చూశావా తల్లీ, ఈయనతో ఎలా వేగుతున్నానో?”

“చూశానమ్మా,” అంది కూతురు, తండ్రి వైపు చూస్తూ.

టాక్సీని పంపేసింది. చొక్కాలు తిరిగి బీరువాలో పెట్టేసింది. పొద్దున అనుకున్న పనుల్లో తప్పక చేయాల్సింది ఒక్కటే మిగిలింది, అదీ ఆమె వల్ల కాలేదు. అమ్మ ముందే ఏడ్చేసింది.

మీరెప్పుడైనా నాటకం బాగుందని చప్పట్లు కొడితే, తెర పక్కన చీకట్లో నిలబడి, మరిచిపోయిందెవరో ఎవరికీ చెప్పని ఆ మనిషిని కూడా ఒక్కసారి గుర్తు చేసుకోండి.