ఎడమ కుర్చీ

ప్లొవ్‌దివ్ పట్నంలో జివ్కోకు ఎవరిమీదా లేనంత మంట తాబేలు-58 మీద ఉండేది.

అది మనిషి పేరు కాదు. ఆన్‌లైన్ పోకర్‌లో ఎవడో పెట్టుకున్న పేరు. వెనక ఉన్నదెవరో జివ్కోకు తెలియదు.

తెలిసిందల్లా ఒకటే. తను ఏ టేబుల్‌లో దిగినా, తన ఎడమ పక్క కుర్చీలో అప్పటికే వాడు ఉండేవాడు. లేకపోతే క్షణంలో వచ్చి పడేవాడు.

పోకర్‌లో ఎడమ కుర్చీ వేటగాడి కుర్చీ. ముందు నువ్వు పందెం కాయాలి. వాడు చూసి, తాపీగా తేల్చుకుంటాడు. ఓడిపోతున్నవాడి ఎడమ పక్కకే గద్దలన్నీ చేరతాయి.

జివ్కో ఆ చలికాలమంతా ఓడిపోతూనే ఉన్నాడు. వెల్డింగ్ షాపు మూసేసి ఈ ఆటనే బతుకుతెరువు చేసుకున్నవాడు. ఎంత మంచి ముక్కలు పడినా ఆఖరి ముక్క దగ్గర చిత్తయ్యేవి.

“పీనుగ మీద వాలినట్టు వాలుతున్నాడు వెధవ,” అన్నాడు భార్య వెలిచ్కాతో.

“నీ డబ్బు తింటున్నాడా?”

“తినడు. నేను పందెం వేస్తే చాలు, ముక్కలు పారేస్తాడు.”

“మరి నీకేం బాధయ్యా?”

“కాచుక్కూచున్నాడే. ఒక్క దెబ్బకి మింగుదామని.”

వాళ్ళాడేది రెండు వందల యూరోల టేబుల్. ఎనభైతో కూడా కూర్చోవచ్చు గానీ, పరువున్నవాడు రెండు వందలూ పెడతాడు. తాబేలు మాత్రం రోజూ ఎనభైతోనే వచ్చేవాడు.

ఒకరోజు తెర మీద, టేబుల్లో అందరికీ కనపడేలా, తాబేలు రాసిన అక్షరాలు మెరిశాయి.

“తమ్ముడూ, నువ్వూ ఎనభై పెట్టు. టైము బాగాలేనప్పుడు రెండొందలు వద్దు.”

ఆటగాళ్ళలో టేబుల్ మీద సలహా చెప్పడం కంటే పెద్ద తిట్టు లేదు.

“నీ ఎనభైతో పొద్దుతిరుగుడు గింజలు కొనుక్కుని నవులు,” అని కొట్టాడు జివ్కో.

“ఇంకా చిన్న టేబుల్‌కి దిగుదాం పద. నేనూ వస్తా.”

“అక్కడ కూడా నా నెత్తినెక్కి కూర్చోడానికా?”

తాబేలు కుర్చీ మాత్రం వదల్లేదు.

వసంతం వచ్చేసరికి చేతిలో డబ్బు అయిపోయింది. బ్రెస్తోవిత్సా ఊళ్ళో తండ్రి ఇచ్చిన ఐదు డెకార్ల ద్రాక్షతోట, అంటే ఎకరంపావు దాకా, ఉంది. అందులో ఒక డెకార్ అమ్మేశాడు.

“ఇక తోట జోలికి పోకయ్యా,” అంది వెలిచ్కా. “రేపు ఒంట్లో ఓపిక పోయాక మనకింత కూడు పెట్టేది అదొక్కటే.”

“ఆ తాబేలు వెధవ లేస్తే నా టైము తిరుగుతుందే.”

ఆ మాటే మిల్కోతోనూ అన్నాడు. మిల్కో కూడా ప్లొవ్‌దివ్ వాడే, అదే సైట్‌లో ఆడతాడు. మాట మెత్తన.

“అన్నా, వాడసలు మనిషి కాదు,” అన్నాడు మిల్కో. “మెషీన్. మనిషన్నవాడెవడైనా ఇన్నాళ్ళు ముక్కలు పారేస్తూ కూర్చుంటాడా? మెషీన్‌ని ఆడించడం నిషేధం, సైట్‌కి ఫిర్యాదు పెట్టు.”

జివ్కో పెట్టాడు.

రెండు రోజుల్లో తాబేలు ఖాతా మూసేశారు. ఆ సంతోషంలో జివ్కో మిల్కోకు రకియా సారా పోయించాడు, తెల్ల చీజ్ సలాడ్ కూడా పెట్టించాడు.

మర్నాడు ఎడమ కుర్చీ నిండడానికి చిటికె కూడా పట్టలేదు. కొత్త పేరు. టేబుల్ మారితే అక్కడ ఇంకో కొత్త పేరు.

వీళ్ళు ముక్కలు పారెయ్యలేదు.

జివ్కో పంతం పట్టాడు. టేబుల్ దిగలేదు, రెండు వందలు తగ్గించలేదు. ఖాళీ అయిన ప్రతిసారీ మళ్ళీ నింపాడు. వెలిచ్కా మాట్లాడటం మానేసింది.

అంతా అయిపోయాక ఒక మధ్యాహ్నం మిల్కో కాఫీ దుకాణంలో కనిపించి, అడక్కుండానే రకియా చెప్పాడు. జేబులోంచి పైసా తియ్యని మనిషి.

“ఏమనుకోకన్నా. ఆటలో ఇవన్నీ మామూలే. నీ పక్కన కూర్చున్నవాళ్ళలో నేనూ ఒకణ్ణి.”

జివ్కో గ్లాసు కింద పెట్టాడు.

“ఆ కుర్చీ కోసం నలుగురం చలికాలమంతా పడిగాపులు కాశాం,” అన్నాడు మిల్కో. “ఖాళీ ఉంటేగా? ఎప్పుడు చూసినా ఆ ముసలోడు బైఠాయించి ఉండేవాడు.”

“ఏ ముసలోడు?”

“తాబేలు. పేరు స్తామెన్. రూసె ఓడరేవులో పనిచేసి రిటైరయ్యాడు. మూడేళ్ళ కింద వాడిదీ నీ పంతమే. ఓడుతున్నకొద్దీ రెండొందలు నింపుకుంటూ కూర్చున్నాడు. మేమే తిన్నాం. ఇల్లు పోయింది.”

“అయితే?”

“అప్పట్నుంచి ఇదే పని. ఎవడు ఓడిపోతుంటే వాడి ఎడమ పక్క ఎనభై పెట్టి కూర్చుంటాడు. రౌండుకింత అని తప్పనిసరి పందెం పెన్షన్‌లోంచి కట్టుకుంటాడు. వాడు తినడు, మమ్మల్ని తిననివ్వడు.”

“వాడు నాకు చెప్పొచ్చుగా!” అన్నాడు జివ్కో.

“చెప్పాడుగా అన్నా. చిన్న టేబుల్‌కి దిగు, నేనూ వస్తానని.”

జివ్కో అక్కడే ఫోను తీసి సైట్‌కి రాశాడు. తాబేలు మెషీన్ కాదు, మనిషే, తప్పు నాదని.

మూసిన ఖాతా మళ్ళీ తెరవం అని జవాబు వచ్చింది.

స్తామెన్ అనే ఆ ముక్కూమొహం తెలియని మనిషి ఎడమ పక్క కాపలా ఉన్నంతకాలం జివ్కోకు పోయింది ఒక్క డెకార్ తోట. అతన్ని లేపేసిన నెలలోనే మిగతా నాలుగు డెకార్లూ పోయాయి.