గుర్రానికి కూడా చోటుంది

హీరోగారు ఇవాళ కూడా గోడవైపే తిరిగి పడుకున్నారు.

కుర్చీలో ఉన్న మౌనస్వామి పుస్తకం తెరిచాడు. హీరోగారి ఆత్మకథ. అట్ట మీద ఆయనే, పళ్ళన్నీ కనిపించేలా నవ్వుతూ. మంచం మీదా ఆయనే, మూతి ఒక పక్కకు జారిపోయి.

పక్షవాతం వచ్చి రెండు వారాలు దాటింది. మాట పడిపోయింది. ఈ మధ్య కళ్ళు తెరవడం కూడా మానేశారు. గొట్టంలోంచి వెళ్ళేది తప్ప లోపలికి ఏమీ పోవడం లేదు.

పొద్దున డాక్టరు ఆయన భార్యను వరండాలోకి పిలిచారు.

"మందులు చేయగలిగింది చేశాయమ్మా. ఇక ఆయన పెదవులు కదపాలి, ప్రయత్నించాలి. ఆయనేమో ఆశే వదిలేసుకున్నారు. ఇలాగే ఉంటే... నేనేం చెప్పలేను."

ఆమె కాసేపు తలుపు పట్టుకుని నిలబడింది. తర్వాత లోపలికొచ్చి, ఏమీ జరగనట్టు భర్త దుప్పటి సర్దింది.

మౌనస్వామి అన్నది వీధిలోవాళ్ళు పెట్టిన పేరు. పాలవాడితో సైగలు, బస్సులో సైగలు. మరీ తప్పదంటే గుసగుస. గొంతుకేదో జబ్బనుకుంటారు అందరూ. ఆస్పత్రిలోనూ ఆ పేరే స్థిరపడింది.

నర్సు దూది తడిపి హీరోగారి పెదవులు తుడిచింది. ఎవరూ చెప్పకుండానే చేస్తుంది ఆ పని. ఎండ మంచం మీద పడుతుంటే తెర కొంచెం లాగింది.

"మౌనస్వామిగారూ, ఆ పుస్తకం నేనూ చదివానండోయ్. మేకప్ మనిషి ఉన్నాడు, డ్రైవరున్నాడు. సారుని కింద పడేసిన గుర్రం కూడా ఉంది, ఏకంగా రెండు పేజీలు! ప్రాణస్నేహితుణ్ణంటారు, మీరెక్కడా లేరేంటండీ?"

మౌనస్వామి నవ్వాడు.

"గుర్రం పడేసింది కదమ్మా," అన్నాడు గుసగుసగా. "నేనెప్పుడూ పడేయలేదు."

"అయితే సారు లేవగానే ఒక్క తోపు తోసేయండి. ఇంకో ముద్రణలో వేసేస్తారు!"

హీరోగారి భార్య నవ్వబోయింది. నవ్వు సగంలోనే ఆగిపోయింది.

"మా అమ్మకి సారంటే ప్రాణమండీ," అంది నర్సు ఆమెతో. "లైట్‌హౌస్ కాపలాదారుగా వేశారు చూడండి, ఆ డైలాగు అంట్లు తోముతూ చెప్పేది. మాట తిరిగి రాగానే ఆ గొంతు ఒక్కసారి చెవులారా విందామనే ఈ వార్డుకి డ్యూటీ వేయించుకున్నాను. నా అదృష్టం ఇలా కాలింది."

ట్రే పట్టుకుని వెళ్ళిపోయింది.

మౌనస్వామి చదవసాగాడు. పక్క కుర్చీలో ఉన్నవాళ్ళకే సరిగా వినబడని గుసగుస. "...ఈ గొంతు మా అమ్మ నాకిచ్చిన వరం..." అన్న చోట ఆగాడు. ఆ పేజీ తిప్పేశాడు.

"అన్నయ్యా, గట్టిగా చదవండి," అంది హీరోగారి భార్య.

అతను గోడ మీది బోర్డు చూపించాడు. నిశ్శబ్దం పాటించండి.

"ఆ బోర్డు సంగతి నేను చూసుకుంటాను. డాక్టరుగారు అన్నది విన్నారుగా?"

"విన్నానమ్మా. బయట అంతమంది ఉన్నారు."

"ఉండనీండి."

"వాడికి మాటిచ్చాను. నీకు తెలుసు."

"ఆ మనిషే వెళ్ళిపోతుంటే, ఇంకా ఎవరి కోసం అన్నయ్యా ఈ మౌనం? పోయేదేదో పోనీండి. నాకు మనిషి కావాలి!"

ఆమె ఏడవలేదు.

మౌనస్వామి చాలాసేపు స్నేహితుడి వీపు చూస్తూ కూర్చున్నాడు. ఊపిరికి ఆ వీపు లేస్తోందో లేదో పరీక్షగా చూస్తే తప్ప తెలియడం లేదు. చివరికి లేచి, గోడకీ మంచానికీ మధ్య ఉన్న సందులోకి కుర్చీ లాక్కుని, ఆయన ముఖానికి ఎదురుగా కూర్చున్నాడు. లైట్‌హౌస్ సినిమా గురించిన అధ్యాయం తీశాడు. ఆ డైలాగంతా అందులో అచ్చువేశారు.

తలుపు వైపు ఒకసారి చూశాడు.

వరండాలో నర్సు మందులు సర్దుకుంటోంది.

"దీపం ఆర్పమంటారా? ఆర్పుతాను!"

ఆమె చేతిలో సీసా అలాగే ఆగిపోయింది.

"ముందు ఆ పడవలో ఉన్నవాళ్ళ పేర్లు చెప్పండి. ఒక్కొక్కరికీ పేరుపేరునా క్షమాపణ చెప్పుకుని, అప్పుడు ఆర్పుతాను!"

అదే గొంతు. అమ్మ ఎన్నిసార్లు అనుకరించినా అందని గొంతు. బెంచీల మీద ఉన్నవాళ్ళంతా లేచి నిలబడ్డారు. కాలికి కట్టున్న ఒకాయన కూడా కర్ర కోసం తడుముకున్నాడు.

"సారు మాట్లాడుతున్నారు!" నర్సు పరుగెత్తింది. "డాక్టరుగారూ! సారుకి మాటొచ్చేసింది!"

తలుపు తోసుకుని లోపలికి వెళ్ళింది. హీరోగారి భార్య నోటికి రెండు చేతులూ అడ్డం పెట్టుకుని మంచం చివర నిలబడి ఉంది. నర్సు ఆమె పక్కకు చేరి చూసింది.

హీరోగారి కళ్ళు తెరుచుకుని ఉన్నాయి. కన్నీళ్ళు దిండులోకి కారిపోతున్నాయి. పెదవులు కదులుతున్నాయి. వంకరగానే, కష్టంగానే, కానీ ఒక్క మాట కూడా వెనకబడకుండా.

ఆ పెదవుల నుంచి మాత్రం చిన్న చప్పుడు కూడా రావడం లేదు; ఆయన మొదటి సినిమా నుంచీ జరుగుతున్నట్టే, గొంతు మౌనస్వామిది.