గులాబీ రంగు పెట్టె

“కారే ఇప్పించు బాబూ,” అంది లోవమ్మ కౌంటర్ మీదికి వంగి.

“నా చేతిలో ఏముందమ్మా. పైనుంచి సారు ఏది చెబితే అదే,” అన్నాడు బొమ్మల కొట్టు త్రినాధరావు, ఫోను వైపు చూస్తూ.

ఆమె కోడలు గౌతమి గోడకి ఆనుకుని నిలబడింది. మేడ మీద సారు గదిలోంచి మెట్లు దిగి వచ్చినా, చీర కుచ్చిళ్ల దగ్గర ఆయన రాసిన జిగురు ఇంకా చల్లగా, తడితడిగానే ఉంది. పొద్దున్నే నక్కపల్లి నుంచి అనకాపల్లి వచ్చిందే ఈ బొమ్మ కోసం. ఎదురుగా గోడంతా బొమ్మల కంపెనీ ప్రకటన. నీలం సగంలో మగపిల్లాడు, చేతిలో కారు: ‘రేపటి విజేత’. గులాబీ సగంలో ఆడపిల్ల, ముందు బుల్లి పొయ్యి: ‘అమ్మకి చిట్టి తోడు’.

తల్లీ, నీలం పెట్టే రానీ, అనుకుంది గౌతమి. గులాబీది వస్తే అత్త ఇంటి గడప తొక్కనివ్వదు.

“మన పింకీ గిన్నెలు ముట్టుకోదు కదత్తా. ఎప్పుడూ ఆ పాత టైరే దొర్లిత్తాది,” అంది మెల్లగా, ఇంటి దగ్గర వదిలొచ్చిన కూతురు గుర్తొచ్చి. “ఏదైతే ఏటి?”

“నీకేటి, సెప్తావు. ఇంట్లో ఓ వంటమనిషి పెరుగుతోంది, సాలదా? కారొచ్చిందా, మాడుగుల హల్వా నేనే తినిపిత్తాను.”

ఫోన్ మోగింది. త్రినాధరావు “ఊఁ” అని పెట్టేశాడు. పాపా, బాబా, వయసెంత, ఏమీ అడగలేదు. స్టూలెక్కి ఓ పెట్టె దించి, దుమ్ము దులిపి ముందు పెట్టాడు.

గులాబీది.

లోవమ్మ దాన్ని ముట్టుకోలేదు. “సరిగ్గా సూసేడా ఆయన?”

“ఆయన ఎప్పుడూ తప్పు చెప్పలేదమ్మా.”

గౌతమి గబుక్కున పెట్టెని గుండెకి హత్తుకుంది. “నీ మీద ఏ బరువూ ఎయ్యనత్తా. మా అమ్మోలింటికాడే ఉంచుతాను. ఉండనీ.”

“ఆ పెట్టి కౌంటర్ మీదే ఎట్టేసి రా.”

బయట ఎండలో గౌతమి మొగుడు నానాజీ నిలబడి ఉన్నాడు. తల్లి ముఖం చూశాడు, పెళ్లాం ముఖం చూడలేదు. “ఇంటికేనా అమా?”

“ఇంటికి కాదు. పాయకరావుపేటకి టికెట్లు తీ. అక్కడ నర్సమ్మకి ముందే సెప్పి ఉంచేను.”

బస్సు నక్కపల్లిలో ఆగినప్పుడు గౌతమి సగం లేచింది. అత్త చెయ్యి పట్టుకుని కూచోబెట్టింది. బస్సు కదిలిపోయింది.

గౌతమికి నాలుగో నెల.