తొట్టిలో ఒక్కటే చేప

కూతురి పోరు పడలేక దర్జీ ఓ నీలం బెట్టా చేపను కొని, కొట్లోనే తొట్టి పెట్టాడు. రెండుంటే కొట్టుకు చస్తాయంటే ఒక్కదాన్నే తెచ్చాడు. అయినా రోజూ తెల్లారేసరికి దాని తోక చిరిగి ఉంటోంది.

"ఫిల్టర్ నీళ్లు లాగే జోరు ఎక్కువైందేమో, దాని మూతికి స్పాంజి కట్టండి," అన్నాడు చేపలమ్మేవాడు. కట్టాడు.

"అద్దంలో తన నీడతోనే పోట్లాడుతోందేమో, కాగితం అంటించండి," అన్నాడు మర్నాడు. నాలుగు వైపులా అంటించాడు. తోక మళ్లీ చిరిగింది.

"దీంతో చచ్చే చావొచ్చిందిరా బాబూ!" అనుకుంటూ ఆ రాత్రి కొట్లోనే కాపలా కూర్చున్నాడు. ఫిల్టర్ గుడగుడ తప్ప చప్పుడు లేదు. నడిరేయి అదీ ఆగిపోయింది.

"ఇప్పుడిదొకటి తక్కువైంది!" అని ప్లగ్గు పీకి, స్పాంజిని లాగి దీపం కింద పిండాడు. వేళ్లకు చిరిగిన తోక ముక్క అంటుకుంది.

ముప్పై ఏళ్లుగా గుడ్డకు దారం రంగు కలిపిన కళ్లు నీలాన్ని చూసి ఎరుపనుకోవు. ఆ ముక్క ఎర్రగా ఉంది.