రెండు మార్కుల హేమంతం

"పదికి రెండా? ఏం చూసి వేశారండీ రెండు మార్కులు?"

ఐదో తరగతి టీచరు తలెత్తింది. గుమ్మంలో నిలబడ్డ మనిషి శుభలేఖలు అచ్చువేసే ప్రెస్సులో ప్రూఫులు దిద్దుతాడు. కూతురు ఈ తరగతే. చేతిలో ఉన్న కాగితం వరండాలో పిల్లల కవితలు తగిలించిన తాడు మీంచి పీక్కొచ్చింది. క్లిప్పు ఇంకా దానికే వేలాడుతోంది.

"చలికాలం సెలవుల మీద సొంతంగా కవిత రాసుకురమ్మన్నాను. ఇది పిల్లలు రాసింది కాదు," అంది టీచరు.

"ఎలా చెప్తారు?"

"మీరే చదవండి."

అతను గొంతు సవరించుకున్నాడు. చదువుతుంటే ఛాతీ దానంతటదే పొంగింది. "ఓ హేమంత సుందరీ! హిమబిందు హారధారిణీ! సకుటుంబ సపరివార సమేతముగా విచ్చేసి మమ్ము ఆనందింపజేయ ప్రార్థన!"

"పదేళ్ల పిల్లలు చలికాలాన్ని కుటుంబంతో సహా పిలుస్తారా అండీ? ఆ రెండైనా దస్తూరీ గుండ్రంగా ఉందని వేశాను."

అతనికి ఒళ్లు మండిపోయింది. సెలవుల్లో ఒక రోజంతా కూర్చుని, మూడు చిత్తు కాగితాలు చించి మరీ రాశాడు. మొదటి బహుమతి వచ్చిన పిల్ల ఈ సాయంత్రం వేదికెక్కి అందరి ముందూ చదవాలి. చదివేది తన కూతురేనని ప్రెస్సంతా చాటేశాడు. ఓనరుతో సహా అందరూ వస్తున్నారు. వాళ్ల సంగతి సరే, పిల్ల మొహం ఎలా చూడాలి?

"మా అమ్మాయి ఎంతో కష్టపడి రాసిందండీ. పసి మనసు విరిచేస్తే ఎలా?"

టీచరు కాగితం అందుకుని వెనక్కి తిప్పింది. మార్కులు చూసి ఒకరినొకరు ఏడిపించుకోకుండా, పేర్లు వెనకవైపు రాయించడం ఆ బడిలో అలవాటు.

"ఇది మీ అమ్మాయిది కాదు. తన పక్కన కూర్చునే పిల్లది. ఆ పిల్ల కోసం మీరెందుకండీ ఇంత బాధపడుతున్నారు?"

అప్పుడు చూశాడు దస్తూరీ. కూతురిది కాదు. తను రాసిచ్చిన కవితని పక్కపిల్లకి ఇచ్చేసిందన్నమాట. రోజంతా తప్పులు వెతికే కంటికి కోపంలో అది ఆననే లేదు. నేనే రాశానంటే ఒక తంటా, అనకపోతే ఇంకో తంటా.

"అంటే... ఏ పిల్లయినా పిల్లే కదండీ," అని నీళ్లు నమిలాడు.

టీచరు అతన్నీ కాగితాన్నీ మార్చి మార్చి చూసి నవ్వు బిగబట్టింది.

"మరి... మా అమ్మాయిది?"

"తాడుకి ఆ చివర ఉంది. పదికి పది. సాయంత్రం చదివేది తనే."

అతను దాదాపు పరిగెత్తాడు. పెన్సిలు రాత, వంకర అక్షరాలు, మొదటి చూపులోనే రెండు తప్పులు. చెయ్యి జేబులోని ఎర్ర పెన్ను మీదికి పోయింది. చదవడం మొదలుపెట్టాక అక్కడే ఆగిపోయింది.

"చలి సెలవుల్లో నాన్న ఇంట్లోనే ఉన్నాడు.
దుప్పటి కప్పుకుని నా కోసం కవిత రాశాడు.
టీ చల్లారిపోయింది, తాగలేదు.
బాగుందా అని అడిగాడు.
బాగుందన్నాను.
నాన్న ఎంత నవ్వాడో!
పాపం, ఆ కవిత ఏం బాలేదు."